నిర్వాసితుల కాలనీలో పదేళ్ల పిల్ల

నీకు పదేళ్లు. వంగర మండలం లక్ష్మీపేట, మడ్డువలస నిర్వాసితుల కాలనీ, మాలల ఇళ్లు. పాత ఊరు నీకు గుర్తు లేదు. సువర్ణముఖి మీద కట్టిన రిజర్వాయరు కింద పోయిందని అమ్మ చెప్తుంది.

కాలనీలో తూర్పు కాపుల ఇళ్లూ ఉన్నాయి. వాళ్ల పిల్లలతో ఒకే బడికి వెళ్తావు. కానీ ఏ దారిన పోవాలో, ఎవరు ఎదురైతే తల దించుకోవాలో నీకు ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. పెద్దవాళ్లు పొలం మాట ఎత్తగానే గొంతులు తగ్గిస్తారు. రిజర్వాయరు కోసం సర్కారు తీసుకున్న భూమిలో 200 ఎకరాల పైచిలుకు మునగలేదు. సెంటు భూమి లేని మీవాళ్లు అందులో కొంత దున్నుకున్నారు. పరిహారం తీసుకున్న కాపు రైతులు ఆ నేల ఇంకా తమదే అంటున్నారు. నీకు ఎకరాల లెక్క తెలీదు, అయ్య రాత్రిళ్లు గుమ్మం దగ్గరే పడుకుంటున్నాడని మాత్రం తెలుసు.

ఈ పిల్లకి నేను పేరు పెట్టలేదు, ఆ ఇళ్లలో ఇలాంటి పిల్లలు చాలామంది. ఆ ఉదయం మాత్రం కల్పన కాదు.

2012 జూన్ 12, మంగళవారం. మృగశిర కార్తె వచ్చేసింది, బడులు తెరిచే రోజులు. శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట ఉప ఎన్నిక కూడా ఆ రోజే. పొద్దున్నే వీధిలో కేకలు. "ఓలె గుంటా, లోపలికి రాయే!" అమ్మ నీ జబ్బ పట్టుకు లాగింది. ఎక్కడో బాంబు పేలింది, గోడ అదిరింది. ఈటెలు, గొడ్డళ్లు, కర్రలు పట్టుకుని పరిగెడుతున్న కాళ్లు తలుపు సందులోంచి కనిపించాయి. అందులో కొన్ని కాళ్లు నువ్వు ఎరిగినవే, రోజూ బడి దారిలో చూసేవి. నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇదే: ఆ పిల్లకి చంపేవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లు కారు.

ఆ దాడిలో అయిదుగురు దళితులు చనిపోయారు. ఇరవై మంది దాకా గాయపడ్డారు. వాళ్లలో మీ అయ్య ఒకడు.

తర్వాత పోలీసులొచ్చారు, కార్లొచ్చాయి, కెమెరాలొచ్చాయి. కారంచేడు, చుండూరు అన్న పేర్లు నువ్వు మొదటిసారి విన్నావు. 1985లో, 1991లో అక్కడా ఇలాగే జరిగిందట. చుండూరులోలాగ కోర్టు ఊరిలోనే పెట్టాలని పెద్దలు పట్టుబట్టారు.

అట్రాసిటీ చట్టం కింద 1995లో వచ్చిన నియమాల్లో, హతుల పిల్లల చదువు, పోషణ ఖర్చు ప్రభుత్వం భరించాలనీ, వాళ్లను ఆశ్రమ పాఠశాలల్లో చేర్చవచ్చనీ ఉంది. మంచి నియమమే, కాదనను. కానీ అయ్య బతికాడు గనుక ఇంటి దగ్గరే ఉండే నువ్వు మళ్లీ అదే దారిన అదే బడికి వెళ్లాలి. నీ పక్కన కూర్చునే కాపుల పిల్లకి నువ్వేం చెప్పాలి? ఆమె నీకేం చెప్పాలి? దీనికి ఏ నియమమూ లేదు.

ఆసుపత్రి నుంచి అయ్య తల నిండా కుట్లతో వచ్చాడు. నువ్వు అంబలి గిన్నె అందించి అడిగావు.

"ఈ యేడు చేలో దిగుతావేటయ్యా?"

"దిగకేటి సేస్తానే? ఆ అయిదుగురూ పోయింది దానికోసరమే గదా."