ఫ్రిజ్ తలుపు ఎవరిది?

ఈ అద్దె ఇంట్లో చేరిన మూడో నెలలో ఫ్రిజ్ చెడిపోయింది. అది ఇంటివాళ్ల ఫ్రిజ్. అద్దె కాగితంలో ‘రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, రిపేర్లు ఓనరువే’ అని రాసుకున్నాం. ఫ్రీజర్‌లో మంచు గుట్టలా పేరుకుంటోంది. కింద అరలో పాలు మాత్రం విరిగిపోతున్నాయి. రాత్రంతా నీళ్లు కారి తెల్లారేసరికి వంటగది మడుగవుతోంది. పరీక్ష పేపర్లు దిద్దుకోవాల్సిన టైములో నేను గుడ్డ పట్టుకుని నేల తుడుస్తున్నాను.

ఓనరుగారికి ఫోన్ చేస్తే ‘ముందున్నవాళ్లకి బాగానే పనిచేసిందమ్మా, నువ్వు తలుపు సరిగ్గా వెయ్యడం లేదేమో’ అన్నారు. చెడిపోయింది వాళ్ల వస్తువు, సంజాయిషీ మాత్రం నాది. నాలుగోసారి ఫోన్ చేశాక ఓనరు ఆంటీ వచ్చింది. ఆమె చూసింది మంచుని కాదు. స్టీలు గిన్నె మూత ఎత్తింది. అందులో చేపల పులుసు వుంది. ‘ఇవన్నీ మా ఫ్రిజ్‌లో పెడుతున్నావా?’ అంది. ఇల్లు చూపించినప్పుడు ‘మీరేమిట్లు?’ అని ఆమె అడిగితే నవ్వి దాటేశాను. ఇన్నాళ్లకి ఆ గిన్నె జవాబు చెప్పేసింది.

ఆ రాత్రి నాకు మద్రాసు ఐస్‌హౌస్ గుర్తొచ్చింది. పిహెచ్.డి. పనిమీద ఆ వూరు వెళ్లినప్పుడల్లా మెరీనా ఒడ్డున దాని ముందునుంచే నడిచేదాన్ని. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి ‘టస్కనీ’ ఓడలో 180 టన్నుల మంచుగడ్డల్ని కలకత్తాకి పంపాడు. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన మంచు అది. నాలుగు నెలల ప్రయాణంలో కరిగింది కరగ్గా వంద టన్నుల దాకా మిగిలింది. ఆ వ్యాపారం కోసమే 1842లో మద్రాసులో ఐస్‌హౌస్ కట్టారు. ఆ చల్లదనం తెల్లదొరలకి, కొద్దిమంది సంపన్నులకి మాత్రమే అందింది. ఇక్కడే యంత్రాలతో మంచు తయారవడం మొదలయ్యాక బోస్టన్ మంచు వ్యాపారం ముగిసిపోయింది.

తర్వాత ఆ భవనం బిళిగిరి అయ్యంగార్ అనే వకీలు చేతికొచ్చింది. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశాడు. అందుకే ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. అయితే 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అక్కడ ఇంకొక చరిత్ర నడిచింది. తానే బాలవితంతువు అయివుండి 1911లో బి.ఏ. పూర్తిచేసిన సిస్టర్ సుబ్బలక్ష్మి, తనలాంటి పిల్లల్ని చేర్చుకుని ఆ భవనంలో హాస్టలు నడిపింది. శుభకార్యాల్లో ఎదురు రాకూడదని ఇంటి మూలన పడేసిన పిల్లలు ఆ మంచు గోదాములో వుండి చదువుకున్నారు. టీచర్లయ్యారు. భవనం పేరులో మాత్రం సుబ్బలక్ష్మి లేదు.

ఇక్కడే ఆగితే చరిత్ర హాయిగానే వుంటుంది. కానీ అది బ్రాహ్మణ వితంతువుల హాస్టలు. కులాచారం చెడదన్న భరోసా మీదే ఆ పిల్లలు గడప దాటగలిగారు. ఆ రాజీ వాళ్లకి బతుకునిచ్చింది. అదే రాజీ మిగతా కులాల ఆడపిల్లల్ని బయట నిలబెట్టింది. ఈ రెండు మాటలూ కలిపే చెప్పుకోవాలి. ఒంటరి ఆడదానికి నీడనిచ్చే చోట, ఆమె వంటగదిలోకి తొంగిచూసే హక్కు కూడా నీడనిచ్చినవాళ్లదేనా? నూరేళ్ల తర్వాత కూడా ‘వెజిటేరియన్లకి మాత్రమే’ అన్న టులెట్ బోర్డులు అడుగుతున్నది కూర గురించి మాత్రమేనా?

మర్నాడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తీసి 108వ సెక్షన్ చదివాను. అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం ఎవరి ఆటంకమూ లేకుండా ఇంట్లో వుండే హక్కు అద్దెకున్నవాళ్లకి వుంది. యజమాని చేయించాల్సిన మరమ్మతు, చెప్పినా సకాలంలో చేయించకపోతే, తామే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. ఆ చట్టం రాసినవాళ్ల మనసులో నాలాంటి ఆడది వుండివుండదు. అయినా ఆ వాక్యాలు నాకు పనికొచ్చాయి.

మెకానిక్‌ని నేనే పిలిచాను. ‘డోర్ రబ్బరు ఎండి పగిలిపోయింది మేడమ్. బయటి గాలి లోపలికి పోతోంది. ఆ తడే మంచయ్యేది. మీరు ఎంత గట్టిగా వేసినా ఈ తలుపు పడదు’ అన్నాడు. రబ్బరు మార్పించి, ఆ డబ్బు తగ్గించి అద్దె పంపాను. బిల్లుతో పాటు ఒక కాగితం కూడా పెట్టాను. ‘ఆంటీ, ఇకమీదట వచ్చేముందు ఫోన్ చెయ్యండి. నా గిన్నెల మూతలు తియ్యకండి.’

జవాబు ఇంకా రాలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో. ఆ మాట వస్తే మళ్లీ బోర్డులు వెతుక్కుంటూ తిరగాలి. ఈసారి ‘మీరేమిట్లు?’ అంటే మాత్రం నవ్వి దాటెయ్యను.