గెలిచిన గుర్రానికి ఘర్ ఏది?

1986 మే నెల. అమెరికాలో కెంటకీ రాష్ట్రం, చర్చిల్ డౌన్స్ రేసు మైదానం. ఫెర్డినాండ్ అనే మూడేళ్ల ఘోడా కెంటకీ డెర్బీ గెలిచింది. స్వారీ చేసిన బిల్ షూమేకర్ ఉమర్ 54, తయారు చేసిన ఉస్తాద్ చార్లీ విటింగ్‌హామ్‌కు 73. మరుసటి ఏడు బ్రీడర్స్ కప్ క్లాసిక్ కూడా గెలిచి ఫెర్డినాండ్ ఆ సాల్‌కు మొత్తం అమెరికాలోనే మేటి గుర్రమైంది. అంత షాన్, అంత షోహరత్!

తర్వాత నస్ల్ కోసం ఫారంలో ఉంచారు. పిల్లలు తండ్రంత తేజ్‌గా పరిగెత్తలేదు. 1994లో జపాన్‌కు అమ్మేశారు. అక్కడా ఏటేటా దాని గిరాకీ పడిపోయింది. చివరికి ఒక గుర్రాల సౌదాగర్ చేతిలో పడి, 2002లో కసాయిఖానాకు పోయింది. ఆ ఖబర్ మరుసటి ఏడు ఒక అమెరికా రేసు పత్రికలో అచ్చయ్యాకే హంగామా మొదలైంది.

జపాన్ వాళ్లను తిట్టడం ఆసాన్. కానీ 1978లో ఇద్దరు ట్రిపుల్ క్రౌన్ విజేతలను ఒకే రేసులో ఓడించిన ఎక్సెలర్‌ను 1997లో చంపింది స్వీడన్‌లో. అమెరికాలోనే 2007 దాకా గుర్రాల కసాయిఖానాలు నడిచాయి. కసూర్ ఏ ఒక్క ముల్క్‌ది కాదు, హిసాబ్‌ది. గుర్రం పాతికేళ్లకు పైగా బతుకుతుంది. చాలా గుర్రాల పరుగు మాత్రం అయిదారేళ్ల వయసుకే ఖతం. మిగతా ఇరవై ఏళ్ల దాణా, గడ్డి, నాల్‌బంద్ మజూరీ, డాక్టర్ ఖర్చు ఎవరి జేబులోంచి?

ఈ సవాల్‌కు అమెరికాలో జవాబు వెతికినవాళ్లు ఉన్నారు. మోనిక్ కోలర్ అనే ఖాతూన్ 1980ల మొదట్లో రిటైర్డ్ రేసు గుర్రాల కోసం ఒక ఫౌండేషన్ పెట్టారు. జమీన్ లేదు, కూలీలకు పైసల్లేవు. 1984లో న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్‌కిల్ జైలుతో ఒప్పందం కుదిరింది. జైలు జమీన్ ఇచ్చింది, ఖైదీలు గుర్రాలను సాకారు. గిట్టలు చూడటం, గాయానికి మర్హమ్ రాయడం నేర్చుకున్నారు. సజా అయ్యాక బతకడానికి ఒక హునర్ దొరికింది. దునియా వద్దన్న రెండు జాన్‌లు ఒకదాన్నొకటి సంభాళించుకున్నాయి.

రెండో పేరు మైకేల్ బ్లోవెన్. మన బిరాదరీయే, సహాఫీ. బోస్టన్ గ్లోబ్‌లో సినిమాల మీద రాసేవాడు. ఫెర్డినాండ్ కథ బయటపడిన 2003లోనే కెంటకీలో ‘ఓల్డ్ ఫ్రెండ్స్’ అనే ఆసరా మొదలుపెట్టాడు. పేరున్న ముసలి గుర్రాలను తెచ్చి జనానికి చూపించాడు. చూడవచ్చిన వాళ్ల చందాలు కూడా దాణా అయ్యాయి.

అక్కడికే 2014లో సిల్వర్ చార్మ్ వచ్చింది. అదీ డెర్బీ గెలిచిందే, 1997లో. దాన్నీ జపాన్‌కే అమ్మారు. కానీ అమ్మేటప్పుడే, నస్ల్ పని అయిపోతే తిరిగి పంపాలని షర్త్ పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ల వయసులో విమానమెక్కి వతన్‌కు చేరింది. ఫెర్డినాండ్‌కూ దీనికీ మైదానం ఒకటే, తాజ్ ఒకటే, పోయిన ముల్క్ ఒకటే. కాగితం మీద ఆ ఒక్క షర్తే ఫరక్.

అందుకే రేసు గుర్రానికి కొత్త ఇల్లు చూసేవాళ్లు రహమ్‌దిల్ ఉంటే చాలదంటారు. కాళ్ల దెబ్బలు, మిజాజ్ దాచకుండా చెప్పాలి. పరుగు తప్ప ఏదీ తెలియని జాన్వర్‌కు నిదానంగా నడవడం నేర్పడానికి నెలలు పడతాయి. తీసుకునేవాడికి జాగా, తజుర్బా, తాకత్ ఉన్నాయో లేదో చూడాలి. సాకలేకపోతే మళ్లీ మాకే ఇవ్వాలని రాయించుకోవాలి.

మన దగ్గర ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1886లో గుర్రప్పందాలను మౌలాలీ నుంచి మలక్‌పేటకు తెచ్చాడు. నేటికీ అక్కడ గుర్రాలు పరిగెడుతూనే ఉన్నాయి. ఏ గుర్రం మీద ఎంత కాయాలో హిసాబ్ వేసేవాళ్లు బహుత్ మంది. ఆఖరి రేసు తర్వాత అది ఎవరి దర్వాజా ముందు నిలబడుతుందో కూడా ఎవరో ఒకరు అడగాలి కదా. అడగాల్సింది కొన్న రోజే, అమ్మే రోజు కాదు.