మంట పెడితే లేచిన బండ

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, మంట మంచిగ అంటుకున్నది. మన ఇల్లు ఇసొంటి మంటలకెల్లే పుట్టిందంటే నమ్ముతరా? మీరు వీపు ఆనిచ్చి కూసున్నరే, ఆ గోడ ముచ్చటనే చెప్త.

1948ల పోలీసు యాక్షన్ అయింది. ఇంకో నాలుగేండ్లకు మా నాయిన ఇల్లు మొదలువెట్టిండు. నాకప్పుడు పదేండ్లు. ఊర్లె సిమెంటు మొగం చూసినోడు లేడు గని, రాయికి కరువు లేదు, చుట్టూ గుట్టలే. వడ్డెరోళ్ల పెద్దాయన ఒకాయన ఉండె. మా నాయిన మామా అంటే నేను తాతా అనేటోన్ని.

గుట్ట మీద పరుపుబండ ఉంటది చూడుండ్రి, గడ్డి సుత మొలువదు. తాత దాని మీద కట్టెలు పేర్చి సన్నగ మంట పెట్టేటోడు. మీది పొర ఏడెక్కి సాగుతది, కింది రాయి సల్లగనే ఉంటది. రెండింటికి పొత్తు కుదురక పొర లేస్తది. తాత సుత్తెతోని కొట్టి చెవి పెట్టేటోడు. ఖంగుమంటే ఇంకా అతికున్నట్టు, బోలుగ పలికితే ఊడినట్టు. ఊడిన కాడి నుంచి మంటను ముందుకు జరిపేటోడు. మన కడపరాయి, మెట్లు అట్ల లేచినయే.

గోడరాయికి వేరే తీరు. ఉలితోని వరుసగ గుంతలు తీసి, ఇనుప చీలలు నిలవెట్టి, ఒక్కో చీలకు ఒక్కో దెబ్బ. మళ్ల మొదటికి వచ్చి ఇంకో దెబ్బ. నేను ఆత్రపడి ఒక్క చీలనే దంచితే, రాయి దాని ఇష్టమొచ్చిన కాడ పగిలింది. తాత నవ్వి, "దానికి కోపం తెప్పిస్తివి" అన్నడు.

గోడ మందం మూరన్నర. చూస్తే ఒక్క గోడనే గని, అండ్ల రెండున్నయ్. బయటి మొగం ఒకటి, లోపటి మొగం ఒకటి. నడుమ చిప్పరాళ్లు, అడుసు. ఆ రెండు మొగాలు ఇడిపోకుంట పట్టేది, ఈ పక్క నుంచి ఆ పక్క దాక అడ్డంగ పండుకునే పొడుగు రాయి. ఇంకోటి, నిలువు సందు మీద సందు రావద్దు. ఏ రాయైనా కింది రెండు రాళ్ల మీద కూసోవాలె.

బాయికైతే అడుసు పెట్టకపోతుండె. రాయి మీద రాయే. సందులకెల్లి ఊట రావాలె గదా! అడుసు లేకుంట గోడ నిలుస్తదా అని నేనడిగితే, మక్కలు అమ్మవోయిన నాడు తాత నన్ను ఓరుగల్లు కోట కాడికి తోల్కవోయిండు. గణపతిదేవుడు మొదలువెట్టి రుద్రమదేవి పూర్తి చేసిందంటరు గదా, ఆ రాతికోట. సున్నం లేదు, మట్టి లేదు. తాత అగ్గిపుల్ల తీసి సందుల గుచ్చవోయిండు, దిగలే. "మనం కట్టేది అడుసు తిన్న గోడ. ఇది రాయే రాయిని పట్టుకున్న గోడ" అన్నడు.

గిప్పుడు అసలు కత. తాత బిడ్డ పెండ్లికని వారం రోజులు వోయిండు. వానలు దగ్గరికొచ్చినయని నాయినకు తొందర. ఉత్తరం గోడ మేమే లేపినం. పొడుగు రాళ్లు అందంగ ఉన్నయని, ముంగట అరుగుకు పనికొస్తయని దాచిపెట్టిండు నాయిన. చిన్న రాళ్లతోనే గోడ నడిపినం. చూసినోళ్లంతా మస్తు కుదిరిందన్నరు.

మిరుగు వానలకు అడుసు నాని గోడకు పొట్టొచ్చింది. ఓ రాత్రి బయటి మొగం గడగడ కూలింది. లోపటి మొగం మాత్రం ఏమెరుగనట్టు నిలవడ్డది. గప్పుడు తెలిసింది నాయినకు, ఒక్క గోడ గాదు రెండు గోడలు కట్టినమని.

తాతొచ్చి చూసిండు. ఒక్క మాట అనలే. కుప్పల చెయ్యి పెట్టి రాళ్లు తిరగేసిండు. "ఒక్కటి సుత పగుల్లే. పోయింది అడుసే" అన్నడు. నాయిన తలకాయ వంచుకొని పోయి, అరుగుకని దాచిన రాళ్లను గడ్డపారతోని ఒక్కొక్కటే దొర్లించుకొచ్చిండు. మిగిలిన లోపటి మొగం సుత దించి, అవే రాళ్లతోని మళ్ల కట్టిండ్రు.

లాంతరు పట్టుకొని పోయి చూడుండ్రి. ఉత్తరం గోడకు లోపట ఏ రాయి కనవడ్తదో, బయటకు పోతే గదే రాయి రెండో కొన కనవడ్తది. మన అరుగు ఆ దిక్కు కురుచగ ఎందుకున్నదని అడుగుతరు గదా, పండుకునేతందుకు జాగ సాలదని కొట్లాడుతరు గదా. మీ జాగ గోడల ఉన్నది బిడ్డా.