దుండిగల్ దాకా వచ్చిన దారి

మొదటి ప్రపంచయుద్ధంలోనే కొందరు భారతీయులు బ్రిటిష్ దళాల్లో యుద్ధవిమానాలు నడిపారు. వారిలో ఇంద్రలాల్ రాయ్ 1918 జూలైలో, 19 ఏళ్లకే మరణించాడు. అయితే ఆ తర్వాత పుష్కరకాలం వరకు భారతీయులకు పైలట్ అధికారులయ్యే దారి తెరుచుకోలేదు. 1930లో కొద్దిమంది క్యాడెట్లను ఇంగ్లండ్‌లోని క్రాన్‌వెల్ కళాశాలకు పంపారు. 1932 అక్టోబర్ 8న భారత వాయుసేన ఏర్పడినప్పుడు పైలట్లుగా ఉన్నది అయిదుగురే. వారిలో సుబ్రతో ముఖర్జీ తర్వాత వాయుసేనకు తొలి భారతీయ అధిపతి అయ్యాడు. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో మొదలైన తొలి దళానికి దక్కినవి నాలుగు వాపిటి విమానాలు, అవీ అప్పటికే పాతబడినవి.

రెండో ప్రపంచయుద్ధం వచ్చాక ఇంత నిదానం కుదరలేదు. హైదరాబాద్ బేగంపేటలో ప్రాథమిక శిక్షణ పాఠశాల వెలిసింది. రెండు రెక్కల టైగర్ మాత్‌పై చేయి తిరిగినవారు పై శిక్షణకు అంబాలా వెళ్లేవారు.

నగరానికి ఉత్తరాన దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971లో శిక్షణ మొదలైంది. అక్కడ పైలట్ శిక్షణలో చేరాలంటే ముందు పైలట్ సహజ సామర్థ్య పరీక్ష గట్టెక్కాలి. చాలాకాలం ఇందులో నిబంధన కఠినంగా ఉండేది: ఒకసారి తప్పితే జీవితంలో మళ్లీ రాయనిచ్చేవారు కాదు. మహిళలకు 1990లలో రవాణా విమానాలు, హెలికాప్టర్ల వరకే అవకాశమిచ్చారు. ఫైటర్ పైలట్లుగా అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న దుండిగల్‌లోనే నియామకం పొందారు.