నావికుడు అడ్మిరల్ కావాలంటే కమిషన్ ఏ వయసులో రావాలి?

అమెరికా నౌకాదళంలో మామూలు నావికుడిగా చేరి ఆ దళానికే అధిపతి అయిన మొదటి వ్యక్తి జెరెమీ మైఖేల్ బూర్డా. 1956లో హైస్కూలు చదువు మధ్యలో మానేసి, 16 ఏళ్లకే వయసు ఎక్కువ చెప్పి నేవీలో చేరారు. 1994 ఏప్రిల్‌లో చీఫ్ ఆఫ్ నేవల్ ఆపరేషన్స్, అంటే నౌకాదళ అధిపతి, అయ్యారు. ఈ జీవితాన్ని సాధారణంగా పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. ఆయన పట్టుదల మీద ఎవరికీ సందేహం లేదు. అయితే పట్టుదల గల నావికులు ప్రతి ఓడలోనూ ఉంటారు, వాళ్లలో అడ్మిరల్ అయినవాళ్లు మాత్రం చాలా అరుదు. ఈ తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకోవడానికి ఆయన సర్వీసులోని తేదీలను వరసగా పేర్చి చూడాలి.

బూర్డా మొదట చేసింది పర్సనెల్‌మన్ ఉద్యోగం. సెలవులు, బదిలీ ఉత్తర్వులు, సర్వీసు పుస్తకాలు, ప్రమోషన్ పరీక్షల కాగితాలు ఆ విభాగం పనే. ఎవరికి ఏ అర్హత ఉంది, ఎవరి కాగితం ఎక్కడ ఆగింది అన్నది ముందుగా తెలిసేది ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడికే. ఫస్ట్‌క్లాస్ పెట్టీ ఆఫీసర్ దాకా ఎదిగాక, నావికుల నుంచి అధికారులను ఎంచుకునే ఇంటిగ్రేషన్ ప్రోగ్రాంలో ఎంపికై, న్యూపోర్ట్‌లోని ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్లో శిక్షణ పొంది, 1962 ఆగస్టులో కమిషన్, అంటే అధికారిగా నియామకం, అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు 22.

నా దృష్టిలో ఈ కథకు కీలకం ఆ 22. అనాపొలిస్ నేవల్ అకాడమీలో నాలుగేళ్లు చదివి బయటికొచ్చే అధికారి వయసూ దాదాపు అంతే. అంటే ఆరేళ్ల నావిక జీవితం గడిపి కూడా, బూర్డా అధికారిగా తోటివాళ్ల కంటే ఒక్క ఏడాదైనా వెనకబడలేదు. చిన్న వయసులో చేరడం వల్లే ఇది సాధ్యమైంది. 1991 చివర్లో నాలుగు నక్షత్రాల అడ్మిరల్ అయ్యేనాటికి కమిషన్ వచ్చి 29 ఏళ్లు, ఆయన వయసు 52. అదే కమిషన్ 34 ఏళ్లకు వచ్చి, మిగతా ప్రయాణం అంతే వేగంగా సాగిందనుకుందాం. ఆ హోదా అందే సమయానికి 63 వస్తాయి. అప్పట్లో అమెరికా అధికారుల సాధారణ పదవీ విరమణ వయసు 62.

ఇది ఒక్క మనిషి లెక్క. దీన్ని సూత్రం అనలేం. కానీ వ్యవస్థలు పెట్టుకున్న దారులు కూడా ఇదే వైపు చూపిస్తాయి. అమెరికాలోనే లిమిటెడ్ డ్యూటీ ఆఫీసర్ అనే మరో దారి ఉంది. ఎన్నో ఏళ్ల సర్వీసుతో పనిలో ఆరితేరిన నావికులకు ఇచ్చే కమిషన్ అది. ఓడకు వాళ్ల విలువ అపారం. అయినా ఆ దారికి కెప్టెన్ హోదా దగ్గరే గోడ ఉంది. బ్రిటిష్ నేవీ కూడా ఈ చిక్కును ఎదుర్కొంది. వారంట్ అధికారులకు లెఫ్టినెంట్ హోదా చాలా ఆలస్యంగా వచ్చేది, ఆపై ఎక్కడానికి సర్వీసు మిగిలేది కాదు. 1912లో చర్చిల్ నౌకాదళ మంత్రిగా ఉండగా తెచ్చిన 'మేట్' పథకం వయసులో చిన్నవాళ్లకు తలుపు తెరిచింది. ఆ తరంలోనే బాయ్ సీమన్‌గా మొదలైన బెంజమిన్ మార్టిన్ 1941 మే 27న జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ మునిగిన పోరులో డార్సెట్‌షైర్ క్రూయిజర్‌కు కెప్టెన్. తర్వాత వైస్ అడ్మిరల్ దాకా వెళ్లారు.

వయసు ఒక్కటే కారణమని వాదించడం లేదు. బూర్డా 1971లో రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ తెచ్చుకున్నారు, యుద్ధనౌకలకు కమాండర్‌గా పనిచేశారు, 1988లో నౌకాదళ సిబ్బంది విభాగానికే అధిపతి అయ్యారు. ఒకప్పుడు ఏ కాగితాలు రాశారో, ఆ కాగితాల నియమాలే ఇప్పుడు ఆయన చేతిలోకి వచ్చాయి. చీఫ్ అయ్యాక 'సీమన్ టు అడ్మిరల్' పథకాన్ని తిరిగి తెచ్చి, తాను వచ్చిన దారిని వెనకవాళ్లకు మళ్లీ తెరిచారు. ఆయన చేసిన పనుల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది ఇదే. 1996 మే 16న, పతకాలపై ధరించిన, పోరాట శౌర్యాన్ని సూచించే చిన్న 'వీ' గుర్తులకు అర్హత ఉందా అన్న ప్రశ్నలు చుట్టుముట్టిన రోజున, ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆ విషాదాన్ని బట్టి, కింది నుంచి వచ్చిన అధికారుల గురించి ఏ నిర్ధారణకు రావడమైనా అన్యాయం.

మన నౌకాదళంలోనూ రెండు దారులున్నాయి. చిన్న వయసు నావికులను ఎంపిక చేసి అధికారి శిక్షణకు పంపే కమిషన్ వర్దీ, అంటే సీడబ్ల్యూ, ఒకటి. అనుభవం పండినవాళ్లకు ఇచ్చే స్పెషల్ డ్యూటీస్, అంటే ఎస్‌డీ, రెండోది. పై లెక్క ఇక్కడా వర్తిస్తే, ఎత్తైన హోదాలకు ఎక్కువ అవకాశం మొదటి దారిలోనే ఉండాలి. 2022లో అగ్నిపథ్ నియామక పథకం వచ్చాక నావికుడి తొలి ఒప్పందం నాలుగేళ్లే, ఆపై కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం. చిన్న వయసులో చేరినవాడికి అధికారి ఎంపికకు సిద్ధం కావలసిన కాలమూ, ఉద్యోగం నిలబెట్టుకోవలసిన కాలమూ దాదాపు ఒకటే అవుతాయి. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖలో ఆ తెల్ల యూనిఫాం చూస్తూ పెరిగి, నావికుల శిక్షణకు చిలికా వెళ్లే కుర్రాడికి సీడబ్ల్యూ సంగతి చేరిన మొదటి ఏడాదిలోనే చెప్పాలి.