పొగచార (ఆకాశంలో)

పగటి ఆకాశంలో ఉన్నట్టుండి పొగచార ఒకటి కనబడి, ఏమిటో తెలిసేలోపే చెదిరిపోతుంది. ఉల్క రాలుతూ వదిలిన ధూళి కావచ్చు, విమానం వెనక గడ్డకట్టిన నీటి ఆవిరి కావచ్చు, రాకెట్ పొగ కావచ్చు. తెలుగులో తోకచుక్కకు ధూమకేతువు అన్న పేరుంది. పొగ జెండాగా కలది అని దాని అర్థం. అయితే తోకచుక్క రాత్రుల తరబడి చుక్కల నడుమ కనబడుతుంది, తీరిగ్గా కొలుచుకోవచ్చు. పొగచార అంత వ్యవధి ఇవ్వదు. చాలాసార్లు మిగిలేది చూసినవాళ్ల మాట ఒక్కటే. ఆ మాటను ఎలా అడిగి రాబట్టాలి, ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈ పరిశోధన చరిత్ర.

పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా ఐరోపా పండితుల్లో చాలామంది ఆకాశం నుంచి రాళ్లు పడతాయన్న మాటను పల్లెటూరి పుకారుగా కొట్టిపారేశారు. జర్మన్ శాస్త్రవేత్త క్లాడ్ని పాత కథనాలన్నీ పోగుచేసి, ఊరూరా ఒకే తీరుగా చెబుతున్న మాట అబద్ధం కాదని 1794లో పుస్తకం రాసినా తీర్పు మారలేదు. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్సులోని నార్మండీలో, లెగ్ల్ పట్టణం దగ్గర అది మారింది. మధ్యాహ్నం వేళ అగ్నిగోళం, ఆ తర్వాత కదలకుండా నిలిచిన చిన్న మేఘం, అందులోంచి ఫిరంగి మోతల్లాంటి చప్పుళ్లు, ఆపై వేల సంఖ్యలో రాళ్లు. ప్రభుత్వం ఇరవై తొమ్మిదేళ్ల భౌతిక శాస్త్రవేత్త జాన్ బాప్తిస్త్ బియోను పంపింది. ఆయన నేరుగా రాళ్లు పడ్డ చోటికి పోలేదు. ఎంతో దూరాన ఉన్న అలాంసోన్ పట్టణంలో మొదలుపెట్టి, దారిపొడవునా ప్రయాణికులను, రైతులను, చర్చి ఫాదరీలను అడుగుతూ దగ్గరికి వచ్చాడు. దూరాన ఉన్నవాళ్లు వెలుగును చూశారు, దగ్గరివాళ్లు మేఘాన్ని చూసి మోతలు విన్నారు. ఒకరినొకరు ఎరగని మనుషుల మాటలు ఒకదానికొకటి అతికాయి. రాళ్లు పడిన మేర సుమారు 10 కిలోమీటర్ల పొడవున కోడిగుడ్డు ఆకారంలో తేలింది. శాస్త్ర చరిత్రలో మామూలు జనం సాక్ష్యానికి దక్కిన గొప్ప గౌరవాల్లో ఇదొకటి.

సాక్షి కన్ను ఎక్కడ పొరబడుతుందో కూడా క్రమంగా తెలిసింది. పెద్ద పొరబాటు దూరం దగ్గరే. తాటిచెట్టంత ఎత్తున పోయిందని, ఆ గుట్ట వెనకే పడిందని చెప్పే మనిషి అబద్ధమాడడు. ఆకాశంలో కొలత ఆనవాలు లేక కన్ను మోసపోతుంది. నిజానికి అది వంద కిలోమీటర్ల అవతల ఉండవచ్చు. దిక్కు మాత్రం మనిషి బాగా గుర్తుపెట్టుకుంటాడు. అందుకే అనుభవజ్ఞులు ఎంత దూరమని అడగరు. సాక్షిని ఆనాడు నిలబడ్డ గడప దగ్గరికే తీసుకెళ్లి, ఏ ఇంటి కప్పు మీదుగా, ఏ కొమ్మ పక్కన కనబడిందో వేలితో చూపమంటారు. చెయ్యి బారజాపి పట్టిన పిడికిలి సుమారు 10 డిగ్రీలు, చాపిన జాన సుమారు 20 డిగ్రీలు. వేర్వేరు ఊళ్లలో చూపించిన ఇలాంటి రెండు దిక్కులు కలిసేచోట చార అసలు స్థానం దొరుకుతుంది.

ఈ పద్ధతికి నిండైన ఉదాహరణ సిఖోటె-అలిన్ కొండల్లో పడిన ఉల్క. 1947 ఫిబ్రవరి 12 ఉదయం పదిన్నర దాటాక సోవియట్ దేశపు తూర్పు కొసన ఉన్న ఆ కొండల మీదుగా సూర్యుడిని మించిన వెలుగుతో ఒక అగ్నిగోళం దూసుకుపోయింది. దాని వెనక 30 కిలోమీటర్లకు పైగా పొడవున్న పొగచార గంటల తరబడి నిలిచింది. ఎత్తును బట్టి గాలి వీచే దిక్కు మారుతుంది కనుక తిన్నని చార కాసేపటికి వంకరలు తిరిగింది. ఇమాన్ పట్టణంలో మెద్వెదెవ్ అనే చిత్రకారుడు సరిగ్గా అప్పుడే ఒక దృశ్యం గీయడానికి కూర్చుని ఉన్నాడు. కళ్లెదుట జరిగినదాన్ని గీయడం మొదలుపెట్టాడు. తెల్లటి మంచునేల, కరెంటు స్తంభం, దాని పైన నేలకు దిగుతున్న నిప్పుముద్ద, వెనక దట్టమైన పొగ. పదేళ్ల తర్వాత, 1957లో, సోవియట్ తపాలా శాఖ ఆ బొమ్మను బిళ్ల మీద అచ్చువేసింది. అడవిలో మంచు మీద గుంటలను కొద్ది రోజుల్లోనే పైలట్లు గుర్తించారు. ఫెసెంకోవ్, క్రినోవ్ వంటి శాస్త్రవేత్తల బృందాలు వందకు పైగా గుంటలను లెక్కించాయి. అన్నిటికన్నా పెద్దది 26 మీటర్ల వెడల్పు. పోగైన ఇనుము 20 టన్నులు దాటింది. ఒక్క ముక్కే 1,745 కిలోలు తూగింది. అయినా ఇనుముకన్నా అపురూపమైనది ఫెసెంకోవ్ లెక్క. చూసినవాళ్ల మాటలతోనే ఆయన ఆ ఉల్క దారిని కట్టి, అది అంగారక, గురు గ్రహాల నడుమ ఉన్న గ్రహశకలాల పట్టీ నుంచి వచ్చిందని చూపాడు.

విమానపు చారలు మరో చిక్కు తెచ్చాయి. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున నేలకు సమాంతరంగా మనవైపు వస్తున్న విమానం చార, దూరం నుంచి చూస్తే దిగంతం నుంచి నిట్టనిలువుగా లేచినట్టు ఉంటుంది. రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనబడటానికి కారణమే దీనికీ కారణం. 2010 నవంబర్ 8న లాస్ ఏంజలస్ తీరాన వార్తా హెలికాప్టర్ తీసిన ఇలాంటి దృశ్యం క్షిపణి అన్న కలవరం పుట్టించింది. విమానపు చార కాక మరేదీ అనడానికి ఆధారం లేదని అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ ప్రకటించింది. రాకెట్ పొగ సంగతి వేరు. శ్రీహరికోట పరిసరాల వాళ్లకు పీఎస్ఎల్వీ రాకెట్ వదిలే తెల్లటి పొగ కొత్త కాదు. ప్రయోగ సమయం ముందే తెలుస్తుంది గనుక అది సందేహంగా మిగలదు.

2013 ఫిబ్రవరి 15 ఉదయం 9:20కి రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల శకలం పేలింది. వేడెక్కిన ధూళి పైకి లేస్తూ రెండు సుడులుగా విడిపోవడంతో చార జంటగా కనబడింది. దాన్ని చూడటానికి జనం కిటికీల దగ్గరికి పరుగెత్తారు. చప్పుడు నిమిషం దాటాక వచ్చింది. అద్దాలు ముఖం మీదే పగిలాయి. సుమారు 1,500 మంది వైద్యం చేయించుకున్నారు. ఈసారి సాక్షుల్లో కార్ల కెమెరాలూ చేరాయి. పరిశోధకులు ఆ కార్లు నిలిచిన చోట్లకే వెళ్లి, రాత్రి చుక్కలను ఫొటో తీసి, భవనాల అంచుల దిక్కులను సరిచూసుకున్నారు. అంతటితో ఆగక యాభైకి పైగా ఊళ్లు తిరిగి మనుషులను అడిగారు. శకలంలో ఒక ముక్క పడ్డ చెబర్కుల్ సరస్సు అడుగు నుంచి అక్టోబరులో సుమారు 600 కిలోల ముక్కను పైకి తీశారు. చారలోని ధూళి నాలుగు రోజుల్లో భూగోళాన్ని చుట్టివచ్చింది. మూడు నెలలకు కూడా సువోమి ఉపగ్రహం దాన్ని పై గాలిలో గుర్తుపట్టింది.