నీటిని నిలబెట్టే పలక

హైదరాబాద్ శివార్లలో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు పెద్ద ఇల్లు కట్టుకుంటున్నవాళ్లలో హాల్లో ఒక గోడంతా అక్వేరియమే ఉండాలని ముచ్చటపడేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఉదాహరణకు ఆరోవానా మూడడుగుల దాకా పెరిగే చేప, దానికి చిన్న తొట్టి చాలదు. చేపలు దొరుకుతాయి, ఫిల్టర్లు దొరుకుతాయి. తిప్పలన్నీ ముందువైపు నిలబెట్టే ఆ ఒక్క పలక దగ్గరే. గాజు మేలా, యాక్రిలిక్ మేలా? మందం ఎంత ఉండాలి? ఎక్కడినుంచి తెప్పించాలి? ఆ పలక పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే వీటిలో సగం ప్రశ్నలు తేలిపోతాయి.

1832లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో జాన్ విల్‌ప్రూ-పవర్ అనే ఫ్రెంచి మహిళ ఆర్గోనాట్ అనే సముద్రజీవిని గమనించడానికి గాజు తొట్టెలు చేయించింది. ఆ జీవి తన గుల్లను తానే తయారుచేసుకుంటుందని ఆ తొట్టెల సాయంతోనే రుజువు చేసింది. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేసింది, గాజు చవకైంది. 1853లో లండన్ జూలో జనం చూడటానికి తొలి అక్వేరియం తెరిచారు. మన వైపు 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున ఒకటి వెలిసింది.

అప్పటి తొట్టెలన్నీ ఇనుప చట్రంలో బిగించి, పుట్టీతో సందులు పూడ్చినవే. చట్రం తుప్పు పట్టేది, పుట్టీ ఎండి బీటలు వారేది. పెద్ద పలక కావాలంటే గాజును రెండువైపులా అరగదీసి నునుపు చేయాలి, దానికి బోలెడు ఖర్చు. ఈ ఇబ్బందులను తీర్చినవి రెండు. ఒకటి, ఇంగ్లండులో అలస్టేర్ పిల్కింగ్టన్ బృందం 1959లో ప్రకటించిన ఫ్లోట్ పద్ధతి. కరిగిన తగరం మీద కరిగిన గాజును పారిస్తే అది తనంతట తానే సమంగా పరుచుకుంటుంది, ఇక అరగదీసే పని లేదు. రెండోది, 1960ల్లో వచ్చిన సిలికాన్ సీలెంట్. దాంతో చట్రం అవసరమే పోయింది, గాజుకు గాజునే అతికించేశారు.

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్, రాయదుర్గం వీధుల్లో లేచిన అద్దాల మేడలకు ఆధారం కూడా ఈ ఫ్లోట్ గాజూ, సిలికానే. కాబట్టి గాజు కోసం మనం విదేశాల వైపు చూడనక్కర్లేదు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ ఫ్లోట్ గాజు కర్మాగారం 2000 నుంచీ నడుస్తోంది. ఫ్లోట్ గాజులో పెద్ద పలకను జంబో షీటు అంటారు, దాని కొలత సుమారు 6 మీటర్ల పొడవు, 3.21 మీటర్ల వెడల్పు. కొనేముందు పలక అంచును కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. చిక్కటి ఆకుపచ్చ కనిపిస్తే అది మామూలు గాజు, అందులో ఇనుము ఎక్కువ. మందం పెరిగేకొద్దీ ఆ పచ్చదనం చేపల రంగులను మింగేస్తుంది. ఇనుము తగ్గించిన ఎక్స్‌ట్రా క్లియర్ గాజుకు డబ్బు ఎక్కువైనా, నా మాట అదే తీసుకొమ్మని. వేడితో గట్టిపరిచిన టఫెన్డ్ గాజుకైతే రంధ్రాలూ కొలతలూ ముందే తేల్చుకోవాలి, టఫెన్ చేశాక దాన్ని కోయలేం.

యాక్రిలిక్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ వేరే దారిలో వచ్చింది. 1930ల్లో జర్మనీలో ఓటో రోమ్, ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ రసాయనవేత్తలు దాన్ని తయారుచేశారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల కిటికీలకు వాడారు. బరువు గాజులో సగం కన్నా తక్కువ, మందం పెరిగినా పచ్చదనం రాదు. అన్నిటికన్నా ముఖ్యం, పలకకు పలకను అతుకు కనబడకుండా కలపొచ్చు. జపాన్‌లోని నిప్పురా కంపెనీ ఇందులో ఆరితేరింది. 2002లో తెరిచిన ఒకినావా చురౌమి అక్వేరియంలో 22.5 మీటర్ల పొడవు, 8.2 మీటర్ల ఎత్తున్న కిటికీ వాళ్లు చేసిందే. పలకల మీద పలకలు అతికించి దాన్ని 60 సెంటీమీటర్ల మందానికి తెచ్చారు. అయితే యాక్రిలిక్ మీద గీతలు తేలిగ్గా పడతాయి, కాకపోతే పాలిష్ పెడితే పోతాయి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ మాత్రం దాని దరికి రానివ్వకూడదు, సన్నటి బీటలు వస్తాయి.

2022 డిసెంబర్ 16 తెల్లవారుజామున బెర్లిన్‌లోని ఒక హోటల్లో ఆక్వాడోమ్ అనే భారీ యాక్రిలిక్ అక్వేరియం పగిలి, పది లక్షల లీటర్ల నీళ్లు హోటల్‌నీ వీధినీ ముంచెత్తాయి. విచారణలో కచ్చితమైన కారణం తేలలేదు. అతుకు వదిలేయడం అనుమానాల్లో ఒకటి. అందుకే పలక ఖరీదు ఎంతని అడిగేముందు అతుకు ఎవరు వేస్తారు, ఎన్నాళ్లు ఆరనిస్తారు, ఎన్నాళ్లు నీళ్లు నింపి పరీక్షిస్తారు అని అడగాలి.

పలక మందం తేల్చేది ప్రధానంగా నీటి ఎత్తు. మూడు మీటర్ల పొడవున్న పలక వెనక మీటరు ఎత్తున నీళ్లుంటే దాని మీద పడే బలం టన్నున్నర. ఎత్తు మరో 20 సెంటీమీటర్లు పెంచితే అది రెండు టన్నులు దాటుతుంది. అందుకే ఇళ్లలో ఎత్తు తగ్గించి పొడవు పెంచుకోవడం మేలు. రెండున్నర అడుగుల లోపు ఎత్తుకు గాజు చాలు. అంతకు మించితే మందపు గాజుకో యాక్రిలిక్‌కో ఖర్చుకు సిద్ధపడాలి.

ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. మన ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం ఇళ్ల గదులకు లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. మీటరు ఎత్తు నీళ్లంటే అదే జాగాలో వెయ్యి కిలోలు, తొట్టి బరువు అదనం. పైగా పెద్ద పలక లిఫ్టులో పట్టదు. కాబట్టి పలకకు అడ్వాన్సు ఇచ్చేముందే ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును ఇంటికి పిలిపించి, స్లాబు ఎంత బరువు ఆపుతుందో రాతపూర్వకంగా తీసుకోండి.